షుగర్ జబ్బు లేని ఇంట్లో షుగర్ పడిపోతుంటే

మన ఇళ్లలో షుగర్ సంగతి తెలియనివాళ్లు లేరు. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సరాసరి ఎంత అన్న లెక్కలు పెళ్లి భోజనాల బంతిలోనూ వినిపిస్తాయి. షుగర్ పడిపోవడమూ కొత్త కాదు. మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేసిన పెద్దాయనకి చెమటలు పట్టి చేతులు వణికితే పక్కవాళ్లే నోట్లో చక్కెర వేస్తారు. ఎందుకు పడిపోయిందో వేరే చెప్పక్కర్లేదు, మాత్ర వల్ల.

మరి షుగర్ జబ్బే లేని, ఒక్క మాత్రా మింగని ఇరవై రెండేళ్ల కుర్రాడికి అదే జరిగితే?

ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇది ఫలానా వాళ్లది కాదు, వైద్య గ్రంథాల్లో చెప్పే లక్షణాలన్నీ చేర్చి నేను కట్టిన ఇల్లు. కొడుకు కొన్ని రోజులు పొద్దున ఎంత లేపినా లేవడు. లేచినా అర్థం లేని మాటలు, ఎదుటి మనిషిని గుర్తుపట్టని చూపు. టిఫిన్ తిన్న పావుగంటకి మామూలైపోతాడు, జరిగింది అతనికి గుర్తుండదు. నాయనమ్మ గాలి సోకిందంటుంది. డాక్టరు ఫిట్స్ మందు రాస్తాడు. తండ్రికి ఇప్పటికి మూడుసార్లు కిడ్నీలో రాళ్లు తీశారు. నీళ్లు తక్కువ తాగుతాడనే అందరి నమ్మకం. మేనత్తకి ఏళ్ల తరబడి కడుపులో పుండ్లు, ఎప్పుడూ గ్యాస్ మాత్రల మీదే ఉంటుంది. అక్కకి నెలసరి ఆగిపోయి, పిల్లలు లేకుండానే రొమ్ముల్లో పాలు వస్తుంటే ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్‌ని తగ్గించే మాత్రలు వాడుతోంది. నలుగురు మనుషులు, నాలుగు ఫైళ్లు, నలుగురు డాక్టర్లు. ఆ నాలుగు ఫైళ్లనూ ఒకే బల్ల మీద పరిచి చూసినవాళ్లు లేరు.

పరిచి చూస్తే అక్కడ కనిపించే జబ్బు ఒక్కటే. దాని పేరు మల్టిపుల్ ఎండోక్రైన్ నియోప్లేసియా టైప్ 1. డాక్టర్లు పొట్టిగా మెన్-1 అంటారు. కొడుకు క్లోమంలో ఉన్నది అదే జబ్బు వేసిన ఒక కొమ్మ, ఇన్సులిన్ కక్కే చిన్న గడ్డ. పేరు ఇన్సులినోమా.

మామూలు ఇన్సులినోమా గురించి తెలుగులో అక్కడక్కడా రాశారు. ఒక గడ్డ ఉంటుంది, వెతికి తీసేస్తారు, మనిషి బాగుపడతాడు. చాలామందిలో కథ అంతే. మెన్-1 ఉన్న మనిషిలో మాత్రం గడ్డ దొరకడంతో కథ ముగియదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

నార్మల్ అని రాసి ఉన్న అబద్ధం

ముందు ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దాం. క్లోమంలో బీటా కణాలుంటాయి. తిన్నాక రక్తంలో గ్లూకోజ్ పెరిగితే ఇవి ఇన్సులిన్ వదులుతాయి, తగ్గితే ఆపేస్తాయి. వదలడం ఎంత ముఖ్యమో ఆపడం అంతకంటే ముఖ్యం. రాత్రి ఎనిమిదికి తిని పొద్దున ఎనిమిది దాకా ఖాళీ కడుపుతో ఉండగలుగుతున్నామంటే, ఆ మధ్యలో ఇన్సులిన్ తగ్గిపోయి, కాలేయం తన నిల్వల్లోంచి గ్లూకోజ్ విడుదల చేస్తుండటం వల్లే. ఉపవాసం ఇంకా సాగితే కొవ్వు కరిగి కీటోన్లవుతుంది. మెదడుకి అది రెండో కూడు.

ఇన్సులినోమా కణాలకి ఆపడం రాదు. గ్లూకోజ్ 45కి దిగినా ఇన్సులిన్ వదులుతూనే ఉంటాయి. ఆ ఇన్సులిన్ కాలేయం గాదెకి తాళం వేస్తుంది, కొవ్వు కరగకుండానూ అడ్డుపడుతుంది. అంటే మెదడుకి అన్నమూ లేదు, ప్రత్యామ్నాయమూ లేదు. చెమట, వణుకు, గుండెదడ ముందొచ్చే హెచ్చరికలు. షుగర్ పదేపదే పడిపోతుంటే శరీరం ఆ హెచ్చరికలకి అలవాటు పడి మానేస్తుంది. అప్పుడు నేరుగా మెదడు లక్షణాలే బయటపడతాయి. తికమక, విచిత్ర ప్రవర్తన, చూపు రెండుగా కనిపించడం, ఫిట్స్. అందుకే ఈ రోగులు ముందు నరాల డాక్టరు దగ్గరికో, మానసిక వైద్యుడి దగ్గరికో, మన దగ్గరైతే మంత్రం వేసేవాళ్ల దగ్గరికో చేరతారు. తింటే తగ్గుతోందని గమనించి తరచూ తినడం మొదలుపెట్టి లావెక్కేవాళ్లూ ఉన్నారు. అయినా లావెక్కడం తప్పనిసరి లక్షణమేమీ కాదు.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. ల్యాబ్ రిపోర్టులో ఇన్సులిన్ 6 అని వస్తుంది, పక్కన మామూలు హద్దులు ముద్రించి ఉంటాయి, 6 ఆ హద్దుల్లోనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ 6 ఏ క్షణానిది? గ్లూకోజ్ 90 ఉన్నప్పుడు ఇన్సులిన్ 6 ఉంటే తప్పు లేదు. గ్లూకోజ్ 45 ఉన్నప్పుడు 6 ఉంటే అది నేరమే, ఆ సమయానికి ఇన్సులిన్ దాదాపు కనిపించకూడదు. ఇల్లు నిద్రపోయే వేళ వంటింట్లో పొయ్యి వెలుగుతోందంటే, మంట చిన్నదా పెద్దదా అన్నది కాదు ప్రశ్న. అసలు ఎందుకు వెలుగుతోంది?

అందుకే నిపుణులు అంకెలన్నీ ఒకే నమూనా నుంచి, షుగర్ పడిపోయిన క్షణంలో తీసిన రక్తం నుంచి కావాలంటారు. గ్లూకోజ్ డెసిలీటరుకి 55 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉండగా ఇన్సులిన్ మిల్లీలీటరుకి 3 మైక్రోయూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ, సి-పెప్టైడ్ మిల్లీలీటరుకి 0.6 నానోగ్రాములు లేదా ఎక్కువ, ప్రోఇన్సులిన్ లీటరుకి 5 పికోమోల్స్ లేదా ఎక్కువ ఉంటే ఆ ఇన్సులిన్ ఒంట్లోంచి అకారణంగా వస్తున్నట్టే. కీటోన్లు కూడా అణిగిపోయి ఉంటాయి. అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2009లో ఇచ్చిన హద్దులివి, ఇప్పటికీ ఆధారం ఇవే.

సి-పెప్టైడ్ సంగతి విడిగా చెప్పుకోవాలి. బీటా కణం ముందు ప్రోఇన్సులిన్ అనే పొడవాటి గొలుసు తయారుచేసి దాన్ని కత్తిరిస్తుంది. ఒక ముక్క ఇన్సులిన్, మిగిలిన ముక్క సి-పెప్టైడ్. రెండూ సరిసమానంగా రక్తంలోకొస్తాయి. సూది మందుగా దొరికే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. కాబట్టి ఇన్సులిన్ బోలెడుండి సి-పెప్టైడ్ లేకపోతే ఎవరో సూది వేశారని, లేదా వేసుకున్నారని అర్థం. అపరాధ పరిశోధన కథలా ఉన్నా ఆసుపత్రుల్లో నిజంగా జరిగేదే.

మాత్రల విషయం మరీ దగ్గరిది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు ఒంట్లోని బీటా కణాన్నే పిండుతాయి, అంటే సి-పెప్టైడ్ కూడా పెరుగుతుంది. అంకెలు చూస్తే అచ్చం ఇన్సులినోమానే. తాతగారి మాత్రల డబ్బా, మనవడి బీపీ మాత్రల డబ్బా ఒకే అలమరలో ఉండే ఇళ్లు మనవి. పొట్ట కోసేముందు రక్తంలో ఆ మందుల జాడ వెతకాల్సిందే. ఇంకో సంగతి, నరాల మంటలకని మన దగ్గర ధారాళంగా రాసే ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ కొందరిలో ఇన్సులిన్ మీదే యాంటీబాడీలు పుట్టించి షుగర్ పడేస్తుంది. ఇలా యాంటీబాడీల వల్ల షుగర్ పడే జబ్బుని మొదట 1970లో జపాన్‌కి చెందిన హిరాటా బృందం వర్ణించింది. అక్కడ ఇన్సులిన్ అంకె వందల్లో, వేలల్లో ఉంటుంది. అంత పెద్ద అంకె కనిపిస్తే గడ్డ కంటే ముందు యాంటీబాడీనే అనుమానించాలి.

డెబ్బై రెండు గంటల ఉపవాసం

షుగర్ పడిపోయిన క్షణం డాక్టరు కళ్లముందు రావాలంటే దాన్ని రప్పించాలి. అందుకే ఆసుపత్రిలో చేర్చి 72 గంటల దాకా ఉపవాసం పెడతారు. నీళ్లు తాగొచ్చు, మెలకువగా ఉన్నప్పుడు కదలాడుతూ ఉండాలి. మొదట ఆరేసి గంటలకి, షుగర్ 60 కిందికొచ్చాక గంటకో రెండు గంటలకో రక్తం తీస్తారు. ఇన్సులినోమా ఉన్నవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది మొదటి 24 గంటల్లోనే పడిపోతారు. 48 గంటలు దాటేది నూటికి పదిమంది లోపే. మన ఊళ్లలో కార్తీక సోమవారమో, శివరాత్రో, రంజాన్ రోజానో ఇదే పరీక్షను ఇంట్లోనే పెట్టేస్తుంది. కాకపోతే ఆ రోజు స్పృహ తప్పితే నీరసం అనుకుని వదిలేస్తాం.

వేలి కొనన చూసే గ్లూకోమీటరు తక్కువ అంకెల దగ్గర అంత నమ్మదగింది కాదు. 52 అని చూపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో కొందరికి దీర్ఘ ఉపవాసంలో ఏ లక్షణమూ లేకుండానే షుగర్ 50 కిందికి వెళ్తుంది. వాళ్లలో ఇన్సులిన్ పూర్తిగా అణిగి ఉంటుంది, తేడా అదే.

లక్షణాలుండాలి, ఆ సమయంలో గ్లూకోజ్ నిజంగా తక్కువుండాలి, గ్లూకోజ్ ఇవ్వగానే లక్షణాలు పోవాలి. ఈ మూడింటి కూడికని విపుల్ త్రయం అంటారు. న్యూయార్క్ సర్జన్ అలెన్ విపుల్ 1930ల్లో దీన్ని పెట్టింది, ఎవరి పొట్ట కోయకూడదో తేల్చడానికి. అప్పట్లో ఈ జబ్బు కొత్తగా వార్తల్లోకొచ్చింది, అనుమానం మీదే కోతలు జరిగేవి.

ఆ కొత్త వార్త వెనక ఒక క్రమం ఉంది. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుక్కున్నారు. మోతాదు మించినవాళ్లలో కనిపించే లక్షణాలు, షుగర్ జబ్బు లేని తన రోగుల్లో కొందరికి ఆకలివేళ వచ్చే లక్షణాలు ఒకేలా ఉన్నాయని అలబామా వైద్యుడు సీల్ హారిస్ 1924లో రాశాడు. అంటే ఒళ్లే ఇన్సులిన్ మోతాదు మించొచ్చన్నమాట. 1927లో మాయో క్లినిక్ వైద్యులు ఒక రోగి సంగతి ప్రచురించారు. ఆ రోగి స్వయంగా డాక్టరే. పొట్ట తెరిస్తే క్లోమంలో పుట్టి కాలేయానికి పాకిన క్యాన్సర్. ఆ గడ్డ సారాన్ని కుందేళ్లకి ఎక్కిస్తే వాటి షుగర్ పడిపోయింది. గడ్డే ఇన్సులిన్ చేస్తోందనడానికి అంతకంటే సూటి రుజువేముంటుంది? రెండేళ్లకి, 1929లో, టొరంటోలోనే రాస్కో గ్రాహం ఒక గడ్డని తీసి రోగిని బాగుచేశాడు.

వెనక బ్రేకు లేని బండి

ఇక కుటుంబం సంగతి. ఒకే మనిషిలో రెండు మూడు గ్రంథులకి గడ్డలు రావడాన్ని వియన్నాలో ఎర్డ్‌హైమ్ 1903లోనే చూశాడు. అది కుటుంబంలో తరం నుంచి తరానికి దిగుతోందని 1954లో న్యూయార్క్ వైద్యుడు పాల్ వెర్మర్ చెప్పాడు. జన్యువు ఎక్కడుందో తెలియడానికి ఇంకో 34 ఏళ్లు పట్టింది. ఆ ఆచూకీ ఇచ్చింది ఇన్సులినోమాలే! 1988లో స్వీడన్‌లో క్యాథరీనా లార్సన్ బృందం మెన్-1 రోగుల ఇన్సులినోమాల్లోని డిఎన్‌ఏని వాళ్ల రక్తంలోని డిఎన్‌ఏతో పోల్చి చూసింది. గడ్డలో 11వ క్రోమోజోమ్ ముక్క ఒకటి మాయమైంది. పోయింది ఎక్కడో తెలిస్తే వెతకాల్సింది ఎక్కడో తెలిసినట్టే. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఆ జన్యువుని పట్టుకున్నారు. ఆ పత్రంలో మొదటి పేరు చంద్రశేఖరప్ప. జన్యువు తయారుచేసే ప్రోటీన్‌కి మెనిన్ అని పేరు పెట్టారు.

మెనిన్ పని కణాల పెరుగుదలకి కళ్లెం వేయడం. ప్రతి కణంలో ఈ జన్యువు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ముందు బ్రేకు, వెనక బ్రేకు అనుకోండి. మెన్-1 ఉన్న మనిషి ఒక బ్రేకు పనిచేయని బండితో పుడతాడు. రెండోది పనిచేస్తున్నంత కాలం బండి అదుపులోనే ఉంటుంది. ఏదో ఒక కణంలో, ఏదో ఒక రోజు, ఆ రెండోదీ తెగిపోతుంది. ఆ కణం గడ్డవుతుంది.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి. మామూలు మనిషిలో ఒకే కణంలో రెండు బ్రేకులూ తెగాలి, అది అరుదు. అందుకే మామూలు ఇన్సులినోమా నలభై, యాభై ఏళ్లకి వస్తుంది, నూటికి తొంభై మందిలో ఒక్కటే ఉంటుంది. (నిజానికి వాటిలో మెన్-1 జన్యువు చెడటం తక్కువే. చాలావాటిలో దారులు వేరు.) మెన్-1 మనిషిలో ప్రతి కణమూ సగం దూరం నడిచే ఉంది. కాబట్టి చిన్న వయసులోనే వస్తుంది, కొందరిలో ఇరవై లోపే. ఒకటి రాదు, గుంపుగా వస్తాయి. తీసేసినా మళ్లీ వస్తాయి. క్లోమాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే కంటికి కనపడనంత చిన్నవి చల్లినట్టుగా ఉంటాయి. ఒక మడిలో కలుపు మొక్క ఒక్కటుంటే పీకేయొచ్చు, ఇక్కడ విత్తనాలు మడంతా పడి ఉన్నాయి.

ఎందుకో గానీ ఈ రెండో బ్రేకు తెగడం ముఖ్యంగా మూడు చోట్లే గడ్డలుగా తేలుతుంది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు, క్లోమం, దాని పక్కనే ఉన్న చిన్నపేగు మొదటి భాగం ఒక జట్టు, మెదడు కింది పిట్యూటరీ. పారాథైరాయిడ్ దాదాపు అందరిలోనూ చెడుతుంది, నూటికి తొంభై మందికి పైగా. దానివల్ల రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల్లో రాళ్లవుతాయి. మన కథలో తండ్రిది అదే. మేనత్త పుండ్లకి కారణం గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ వదిలే గడ్డలు. మెన్-1లో ఇవి ఎక్కువగా చిన్నపేగు గోడలోనే ఉంటాయి. అక్కది పిట్యూటరీలో ప్రొలాక్టిన్ గడ్డ. ఇన్సులినోమా మెన్-1 ఉన్నవాళ్లలో పదిమందిలో ఒకరికి వస్తుంది. తిరగేసి చూస్తే, ఇన్సులినోమా వచ్చిన నూరుమందిలో ఐదు నుంచి పదిమందికి వెనక మెన్-1 ఉంటుంది.

మెన్-1 సుమారు 30,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అదే లెక్క మనకీ వర్తిస్తే, 2011 జనాభా లెక్కల్లో ఎనిమిదిన్నర కోట్ల దాకా ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల్లో 2,800 మంది ఉండాలి. వాళ్లలో తమకి మెన్-1 ఉందని తెలిసినవాళ్లు ఎందరుంటారంటారా? రాళ్ల ఫైలు, పుండ్ల ఫైలు పట్టుకుని తిరుగుతున్నవాళ్లే ఎక్కువ ఉంటారని నా అనుమానం.

మేనరికాల వల్ల వచ్చిందా అని మన దగ్గర వెంటనే అడుగుతారు. లేదు. మేనరికం బయటపెట్టే జబ్బుల్లో చెడ్డ ప్రతులు రెండు వైపుల నుంచీ రావాలి. ఇది ఒక్క వైపు నుంచి వస్తే చాలు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఆడా మగా తేడా లేదు, తరం దాటి దూకడమూ లేదు. పదిమందిలో ఒకరికి మాత్రం తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకుండానే కొత్తగా పుడుతుంది.

ఏడింటిలో దొంగ ఎవరు?

ఇప్పుడు కొడుకు దగ్గరికొద్దాం. ఉపవాస పరీక్షలో షుగర్ 41, ఇన్సులిన్ 14, సి-పెప్టైడ్ ఎక్కువ, మందుల జాడ లేదు. ఇన్సులినోమా ఖాయం. సీటీ తీశారు. క్లోమం తలలో ఒకటి, నడుములో ఒకటి, తోకలో రెండు గడ్డలు. ఎండోస్కోపీతో లోపలి నుంచి అల్ట్రాసౌండ్ చేస్తే ఇంకో మూడు.

మామూలు రోగిలో కష్టం గడ్డ దొరకకపోవడం. చాలావాటి సైజు రెండు సెంటీమీటర్లలోపే. మెన్-1లో కష్టం అన్నీ దొరకడం. అందులో ఎక్కువ శాతం ఏ హార్మోనూ వదలని మూగ గడ్డలు. పెద్దదే దొంగ అనుకోవడం సహజం గానీ, పెద్దది మూగదై, పక్కనున్న ఒక సెంటీమీటరుది ఇన్సులిన్ కక్కుతుండొచ్చు. పెద్దదాన్ని తీసి కుట్లేశాక మర్నాడు పొద్దున షుగర్ మళ్లీ 45 వస్తే?

ఇలాంటి గడ్డల కోసం మామూలుగా వాడే డోటాటేట్ పెట్ స్కాన్ ఇక్కడ సరిగ్గా తప్పుదారి పట్టిస్తుంది. అది సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకాలు (రిసెప్టర్లు) ఉన్న గడ్డల్ని వెలిగిస్తుంది. మూగ గడ్డల్లో అవి దండిగా ఉంటాయి, ఇన్సులినోమాల్లో తరచూ తక్కువ. అంటే అమాయకులు వెలుగుతారు, దొంగ చీకట్లో ఉంటాడు. ఇన్సులినోమాల మీద దండిగా ఉండేది జిఎల్‌పి-1 గ్రాహకం. దాన్ని పట్టుకునే ఎక్సెండిన్-4 అనే పదార్థానికి గాలియం-68 తగిలించి స్కాన్ చేస్తే అసలువాడు వెలుగుతాడు. ఈ ఎక్సెండిన్ మొదట దొరికింది అమెరికా ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి నోట్లో. షుగర్ మందుల్లో ఇప్పుడు మోగిపోతున్న జిఎల్‌పి-1 జాతికి దారి వేసిందీ ఆ బల్లే. స్కాన్ చేసేటప్పుడు ఆ మందే ఇన్సులిన్‌ని ఎగదోస్తుంది కాబట్టి గ్లూకోజ్ పక్కనే సిద్ధంగా పెట్టుకోవాలి. మన దేశంలో ఇది కొద్ది పెద్ద కేంద్రాల్లోనే ఉంది.

అది లేనిచోట పాత పద్ధతి ఉంది, నాకు దీంట్లోనే తెలివి ఎక్కువ కనిపిస్తుంది. మామూలు బీటా కణం కాల్షియంకి పెద్దగా చలించదు, ఇన్సులినోమా కణం మాత్రం ఉలిక్కిపడి ఇన్సులిన్ వదులుతుంది. క్లోమంలో ఒక్కో భాగానికి ఒక్కో ధమని నీళ్లు పారిస్తుంది, పొలానికి కాలువల్లా. గజ్జ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి ఒక్కో ధమనిలో కొంచెం కాల్షియం వేస్తారు. కాలేయం నుంచి బయటికొచ్చే సిరలో నిమిషంలోపే రక్తం తీసి ఇన్సులిన్ చూస్తారు. ఏ కాలువలో వేస్తే ఇన్సులిన్ రెట్టింపు దాటిందో దొంగ ఆ మడిలో ఉన్నట్టు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో డాప్‌మన్ బృందం 1990ల మొదట్లో దీన్ని తీర్చిదిద్దింది. ఫలానా గడ్డ అని చెప్పదు, తల వైపా తోక వైపా చెబుతుంది. సర్జన్‌కి చాలాసార్లు అదే కావాలి.

ఎంత కోయాలి

మామూలు ఇన్సులినోమాలో గడ్డని పండులోంచి గింజ తీసినట్టు తీసేస్తారు. మెన్-1లో సర్జన్ రెండు నష్టాల మధ్య నిలబడతాడు. తక్కువ కోస్తే మిగిలినవి రేపు పెరుగుతాయి. ఎక్కువ కోస్తే క్లోమమే పోతుంది. అప్పుడు ఇన్సులిన్ ఎక్కువై వచ్చినవాడు ఇన్సులిన్ సూదులు వేసుకునే షుగర్ రోగిగా బయటికొస్తాడు, ఇరవై రెండేళ్లకే. పైగా జీర్ణానికి ఎంజైమ్ మాత్రలు జీవితాంతం.

చాలాకాలంగా ఎక్కువమంది పట్టే మధ్యేమార్గం, క్లోమం తోక, నడుము భాగాలు తీసేసి, తలలో ఉన్న గడ్డల్ని మాత్రం గింజల్లా ఏరేయడం. బల్ల మీదే క్లోమం మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తారు. దొంగ కచ్చితంగా ఒక్కడే అని తేలితే ఆ ఒక్కణ్ణే తీసి మిగతా మూగవాటిని గమనిస్తూ ఉండటం వైపు ఈ మధ్య మొగ్గు పెరిగింది. రెండు సెంటీమీటర్ల లోపు మూగ గడ్డల్ని చాలావరకు తీయకుండా కనిపెట్టుకుని ఉంటారు.

మాయో క్లినిక్ 1927 నుంచి 1986 దాకా చూసిన 224 మంది ఇన్సులినోమా రోగుల లెక్కని 1991లో ప్రచురించింది. మెన్-1 లేనివాళ్లలో జబ్బు తిరగబెట్టింది పదేళ్లలో నూటికి ఆరుగురికి, ఇరవై ఏళ్లలో ఎనిమిది మందికి. మెన్-1 ఉన్నవాళ్లలో పదేళ్లకే నూటికి 21 మందికి. సర్జన్ చేయి తేడా కాదది, వెనక బ్రేకు తేడా. అయినా తిరగేసి చదవండి, మెన్-1 ఉన్నా పదేళ్లలో నూటికి 79 మందికి తిరగబెట్టలేదు. మెన్-1 అనగానే ఆపరేషన్ దండగ అనే మాట నేను అక్కడక్కడా విన్నాను, ఈ అంకె దానికి జవాబు.

కోతకి ముందు రోజులకి, లేదా కోత కుదరనివాళ్లకి డయజాక్సైడ్ అనే మందు ఉంది. బీటా కణంలో పొటాషియం వెళ్లే ద్వారం ఒకటుంది. అది మూసుకుంటే ఇన్సులిన్ బయటికొస్తుంది. గ్లిమిపిరైడ్ లాంటివి దాన్ని మూస్తాయి, డయజాక్సైడ్ తెరిచి పట్టుకుంటుంది. ఒకే తలుపు, రెండు మందులు, రెండు వైపులా. కాళ్లలో నీరు చేరడం, ఒంటి మీద వెంట్రుకలు పెరగడం దీని చికాకులు. అమ్మాయిలు ఎక్కువగా మానేసేది ఆ రెండో కారణానికే. ఆక్ట్రియోటైడ్ అనే ఇంకో మందు కొందరికి పనిచేస్తుంది, కొందరిలో షుగర్‌ని ఇంకా పడేస్తుంది. ఎందుకంటే షుగర్‌ని పైకి లేపే గ్లూకగాన్‌ని కూడా అది అణిచేస్తుంది. మొదటి డోసు ఆసుపత్రిలోనే ఇవ్వాలి. ఎండోస్కోపీ ద్వారా సూది దింపి గడ్డని వేడితో మాడ్చే పద్ధతి కొత్తగా పుంజుకుంటోంది.

వీటన్నింటి వరసలో మరిచిపోయేది ఒకటుంది. కొడుకు షుగర్ నిలబడ్డాక కాల్షియం చూడాలి. మెన్-1లో గ్యాస్ట్రిన్ గడ్డ ఉన్నవాళ్లకి సాధారణంగా ముందు మెడలో పారాథైరాయిడ్ ఆపరేషన్ చేస్తారు. కాల్షియం తగ్గితే గ్యాస్ట్రిన్ కూడా దిగుతుంది. ఇన్సులినోమా ఉంటే వరస మారుతుంది, ప్రాణం మీదికి తెచ్చేది షుగరే కాబట్టి.

మిగతా ముగ్గురు, ఆ తర్వాత చిన్నది

నలభై లోపు ఇన్సులినోమా వచ్చినా, ఒకటి కంటే ఎక్కువ ఉన్నా, కాల్షియం కూడా ఎక్కువున్నా, ఇంట్లో ఇలాంటి ఫైళ్లున్నా మెన్-1 జన్యు పరీక్ష అడగాలి. ఒక్కసారి రక్తమిస్తే చాలు. ఇప్పటిదాకా ఈ జన్యువులో వెయ్యికి పైగా రకాల మార్పులు దొరికాయి. ఏ మార్పుకి ఏ గడ్డ వస్తుందో చెప్పే లెక్క లేదు. ఒకే మార్పున్న ఒకే ఇంట్లో ఒకరికి రాళ్లు, ఒకరికి పుండ్లు, ఒకరికి షుగర్ పడటం అందుకే. మార్పు ఏదో ఒకసారి తెలిశాక ఇంట్లో మిగతావాళ్లలో వెతకడం తేలిక, ఆ ఒక్క చోటే చూస్తే సరిపోతుంది.

పరీక్ష చేయించుకోవడానికి మన దగ్గర అడ్డం డబ్బొక్కటే కాదు. పెళ్లి కావాల్సిన పిల్ల ఉందంటారు. రిపోర్టులో పేరు రాయించుకుంటే సంబంధాలు చెడతాయంటారు. ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ రాయించుకోనంత మాత్రాన క్రోమోజోమ్ మారదు. తెలియకుండా పెరిగిన క్లోమం గడ్డ, ఛాతీలో థైమస్ గ్రంథి గడ్డ ఈ జబ్బులో ప్రాణం తీసేవాటిలో ముందున్నాయి. థైమస్ గడ్డ ముఖ్యంగా మగవాళ్లలో, అందులోనూ పొగ తాగేవాళ్లలో ఎక్కువ. తండ్రి చేతిలో బీడీ ఉంటే డాక్టరు ముందు మాట్లాడాల్సింది దాని గురించే.

2012లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇన్సులినోమా కోసం ఐదేళ్ల వయసు నుంచే చూడమన్నాయి. అంత చిన్నప్పుడే వచ్చిన పిల్లలున్నారు కాబట్టి. చూడటమంటే పెద్ద పెద్ద స్కాన్లు కాదు. ఏడాదికోసారి పరగడుపున గ్లూకోజ్, ఇన్సులిన్. ఎనిమిదేళ్ల నుంచి కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్. స్కాన్లు తర్వాత.

మన ఊహల ఇంట్లో ప్రొలాక్టిన్ మాత్రలు వాడిన అక్కకి మందు పనిచేసి, పెళ్లయి, ఇప్పుడు ఆరేళ్ల కూతురుంది. పొద్దున బడికి వెళ్లేముందు పాప పాలు తాగకపోతే తల్లికి గుండె ఆగినంత పనవుతుంది, తమ్ముడు గుర్తొచ్చి. పాపకి రక్తం తీశారు. నాలుగు వారాలకి ఒక పేజీ రిపోర్టు వచ్చింది. కుటుంబంలో ఉన్న మార్పు ఈ నమూనాలో లేదు. ఇక పాపకి ఏడాదికోసారి రక్తపరీక్షలు అక్కర్లేదు, స్కాన్లు అక్కర్లేదు, ఆమె పిల్లలకీ అక్కర్లేదు. పొద్దున పాలు తాగనంటే అది మారాం మాత్రమే.